మెతుకుసీమలో క్రిస్మసు

హైదరాబాదు నగరమునకు ఉత్తరముగా సుమారు 100 కిలోమీటర్ల దూరమున మెదకు పట్టణము కలదు. ఒకవైపున గుట్టమీద పాతకాలపు దుర్గము, మఱియొకవైపున దూరమునుండియే కానవచ్చు క్రైస్తవ దేవాలయపు గోపురము, నడుమ ఊరు. పూర్వము దీనికి మెతుకు అను పేరుండెననియు, ఆ మెతుకే జనుల నోట నలిగి మెదకైనదనియు పెద్దలు చెప్పుదురు. ఈ ప్రాంతము నేటికిని మెతుకుసీమ యనియే వ్యవహరింపబడుచున్నది. రాజుల పేర, దేవతల పేర వెలసిన యూళ్ళు మనకు కొల్లలు. అన్నపుమెతుకు పేర వెలసినది యగుటచేతనే కాబోలు, ఈ యూరన్న మాకు మొదటినుండియు నొకవిధమైన ప్రీతి.

ప్రతి సంవత్సరము డిసెంబరు 25వ తేదీన ఈ గుడికి వేలకొలది జనులు వచ్చుదురు. క్రైస్తవులే కాదు; హిందువులును, మహమ్మదీయులును పిల్లలను చంకనెత్తుకొని వచ్చి, గుడి చూచి, అంగళ్ళు చూచి, చెట్లక్రింద డబ్బాలు విప్పుకొని తిని పోవుదురు. సికింద్రాబాదునుండి ఏటేట పోవు కుటుంబములలో మాదియు నొకటి. గడచిన పండుగకు మేము పదునలుగురము పోయితిమి. 80 ఏండ్ల మా అత్తగారు మొదలుకొని, ఏడాదిన్నర నిండిన మా చిన్న తోడికోడలి కుమారునివఱకు అన్ని వయసులవారును అందుండిరి. గుడినిగూర్చి వ్రాయబూని యింటి సంగతులు చెప్పుచున్నారేమని సోదరీమణులు విసుగుకొనరాదు. ఈ పండుగ సగము గుడిలోను, సగము వంటయింటిలోను జరుగునది గదా.

పండుగనాటి తొలి ఆరాధన తెల్లవారకముందే మొదలగును. దాని నందుకొనవలెనన్న సికింద్రాబాదువారు అర్ధరాత్రము దాటగనే కదలవలెను. బస్సులు కలవు, 2022వ సంవత్సరములో అక్కన్నపేటనుండి మెదకువఱకు రైలుమార్గము గూడ వచ్చినది. కాని పదునలుగురు మనుష్యులను, ఆరు డబ్బాలను, మా అత్తగారి మందులసంచిని ఒక్కమాఱుగా మోయగల రైలు ఇంకను పుట్టలేదని మా పెద్దమరిది యభిప్రాయము. అందుచే నొక పెద్దబండినే కుదుర్చుకొంటిమి. ముందుదినమంతయు వంటలే. గరిజెలు, మురుకులు ఒక డబ్బాలో; పులిహోర రెండింట; కోడికూర ఒకదానిలో; పిల్లలకు పెరుగన్నము వేఱుగా; కేకు మాత్రము ఎవరి యొడిలోనైన కూర్చుండి ప్రయాణము చేయవలసినదే. ఈ మాఱు ఆ గౌరవము మా పెద్దమరిదికి దక్కినది.

నర్సాపురపు టడవి దాటువఱకు బండిలో నిద్ర పట్టదు. పాతపండుగల ముచ్చట్లు అప్పుడే బయటికి వచ్చును. మొదటిది ఎప్పుడును మా పెద్దమరిది క్రిస్మసు తాత వేషము కట్టిన కథయే. వేషమునకు ఆయన శరీరము చక్కగా నొప్పినది, కడుపునకు దిండు కట్టవలసిన పని లేదు. గడ్డమునకు మాత్రము దూది కావలసివచ్చెను. ఇంట నున్న దూది చాలక, మా అత్తగారి పాతదిండు కుట్లు విప్పిరి. అందున్నది బూరుగుదూది. బూరుగుదూది గాలికి నిలుచునది కాదని ఆడువారి కెల్లరకు తెలియును. మగవారు మమ్మడిగిన గదా చెప్పుటకు! కీర్తనలు పాడుచు రాత్రివేళ ఇంటింటికి తిరుగుచుండగా మొదటి యింటికడ గడ్డము కొంత, రెండవ యింటికడ కొంత గాలిలో కలిసిపోయినది. ముక్కులో దూది దూరి తుమ్మిన ప్రతిసారియు మఱికొంత. ఐదవ యింటికి చేరునప్పటికి తాత మనుమడయ్యెను. ఆ యింటి ముసలమ్మ దీపమెత్తి చూచి, “తాత ఏడి బిడ్డా, ఎనుక వస్తుండా?” అని అడిగినదట.

రెండవ కథ మా పెద్దపిల్లవానిది. వానికి ఏడేండ్లప్పుడు మా పేటగుడిలో క్రీస్తు జననమును పిల్లలచేత నాటకమాడించిరి. తూర్పుదేశపు జ్ఞానులు నక్షత్రమును వెంబడించి వచ్చి, శిశువునకు బంగారమును, సాంబ్రాణిని, బోళమును సమర్పించిరని సువార్తలో నున్నది. జ్ఞానులు ఇందఱని అందు లేదు. కానుకలు మూడగుటచే మనవారు మనుష్యులనుగూడ మువ్వురను జేసిరి. మావానిది మూడవ జ్ఞాని వేషము. “రేపు చిన్న పెట్టెలో బోళము పట్టుకొని రావలెను” అని నేర్పునామె చెప్పగా, వాడింటికి వచ్చి నాయనమ్మను బెల్ల మడిగినాడు. ఆమె యొక అచ్చుబెల్లము తీసి బంగారువన్నె కాగితము చుట్టి యిచ్చినది.

నాటకమునాడు మొదటి ఇద్దఱు జ్ఞానులును సక్రమముగనే నడచుకొనిరి. మావాడు ముందునకు వచ్చి మోకరించి, గుడి మాఱుమ్రోగునట్లు, “ప్రభువా, నీకు బెల్లము తెచ్చితిని!” అని పెట్టె మూత తీసెను. పశువులపాకలో సహజత్వమునకై కట్టివేసిన మేకపిల్లకు ఆ మాట అర్థమైనదో, వాసనయే తగిలినదో, త్రాడు తెంపుకొని వచ్చి బెల్లమును నోట కఱచుకొన్నది. మరియమ్మ వేషములోనున్న బాలిక, చేతనున్న బొమ్మబిడ్డను తొట్టిలో పడవైచి, చీరకుచ్చెళ్ళెత్తి మేకపిల్లను తరుముకొని పోయినది. దేవదూతలు బల్లలెక్కిరి. యోసేపు ఏడ్చెను. నేర్పునామె తలపట్టుకొని కూర్చుండగా మా అత్తగారు వెనుకవరుసనుండి లేచి, “బాలింత ఇంటికి బెల్లం దీస్కపోతె తప్పేముంది? బోళం సచ్చినోళ్లకు పూసేది, అది తెచ్చుడే తప్పు” అని తీర్పు చెప్పిరి.

నవ్వుకొన్నను, ఆమె మాట మాకు చాలదినములు మనసున నిలిచినది. బోళమనగా అరబ్బుదేశమునందును, దాని కెదురుగా నున్న ఆఫ్రికా తీరమునందును పెఱుగు చిన్నచెట్ల జిగురు. మంచివాసన, మిక్కిలి చేదు. సిలువనుండి దింపిన క్రీస్తు దేహమునకు నికొదేము అను నాతడు అగరుతో కలిపిన బోళమునే తెచ్చెనని యోహాను సువార్త చెప్పుచున్నది. బంగారము రాజునకు, సాంబ్రాణి దేవునికి, బోళము మరణింపబోవు మనుష్యునకు అని బోధకులు చెప్పు అర్థము దీనినిబట్టియే. కాని మన పాతయిండ్లలో బాలింతమందులలో బాలింతబోలని వేయుచుండినదియు ఈ బోళమే. పుట్టిన యింటను, పోయిన యింటను పనికివచ్చు వస్తువది. ఆ జ్ఞానులకు భార్యలు నుండి, పయనపు మూట వారే కట్టియుందురని మా తలంపు. ఈ వ్యాఖ్యానము ఏ బోధకుడును చేయగా మేము వినలేదు.

బండి మెదకు చేరునప్పటికి ఇంకను చీకటియే. తెలంగాణమున చలి యెక్కువగా పడు చోట్లలో నీ ప్రాంత మొకటి. డిసెంబరు చివర నిక్కడ శాలువ లేక దిగుట సాహసమే. ఆ చలిలో, ఆ చీకటిలో దీపములతో వెలుగుచున్న గోపురము తలయెత్తి చూడవలసినంత యెత్తున నిలిచియుండును. దాని యెత్తు సుమారు 175 అడుగులు. గుడి పొడవు 200, వెడల్పు 100 అడుగులు. ఒక్కసారి 5,000 మందివఱకు లోపల కూర్చుండవచ్చునందురు. కట్టించినవారు చార్లెస్ వాకర్ పాస్నెట్ అను ఆంగ్లేయ బోధకులు. 1914లో పని మొదలై పదేండ్లు సాగినది. ప్రతిష్ఠ 1924వ సంవత్సరము డిసెంబరు 25న, సరిగా క్రిస్మసునాడే జరిగినది. 2024తో నూరేండ్లు నిండినవి. వెస్లియను మెథడిస్టుల చేతిమీదుగా లేచిన ఈ గుడి, 1947లో పలు సంఘము లొక్కటియై దక్షిణ ఇండియా సంఘ మేర్పడినపుడు అందు చేరి, మెదకు అధ్యక్షమండలమునకు ముఖ్యాలయ మైనది.

కాని మా యింట ఈ లెక్కలకంటె ముందుగా చెప్పుకొను సంగతి వేఱొకటి కలదు. ఆ నిర్మాణపు టేండ్లలో ఈ సీమకు కరవు వచ్చినది. బీదలకు గింజలు దానముగా పంచుటకంటె, పని కల్పించి కూలి యిచ్చుట మేలని పాస్నెట్ దొర తలచెను. చుట్టుప్రక్కల పల్లెలనుండి ఆడువారు, మగవారు గుంపులుగా వచ్చి, రాళ్ళు మోసి, సున్నము కలిపి, ఆ కూలితో గంజి కాచుకొని బ్రదికిరి. కరవుకాలమున పదిమంది కడుపు నిండుటకై పెరిగిన గోడలు గనుకనే ఇవి యింత పెద్దవైనవని మా అత్తవారి వంశమున చెప్పుకొందురు. మా అత్తగారి నాయనమ్మ యిక్కడ సున్నపుతట్టలు మోసినదట. ఊరిబావిలో చేద వేయనీయక, ఊరిగుడి గడప తొక్కనీయక, అంటరానివారని దూరముగా నుంచబడిన కుటుంబము వారిది. తాను మోసిన రాళ్ళగుడిలో తానే ముందువరుసను కూర్చుండునప్పుడు ఆమె కెట్లుండెనో మేమూహింపగలము.

మా అత్తగారు గుడిలో నడుగు పెట్టగనే ఒక స్తంభమును చేతితో తాకి, “గీ కంబం మా నాయనమ్మ మోసిన సున్నంతోటే నిలవడ్డది” అని చెప్పుదురు. కన్నుల నీరు నిండును. అందులకు మేమందఱము తలలు వంచి నిలుచుందుము. చిక్కెక్కడనగా, ఏటికొక స్తంభము మాఱుచున్నది. పిల్లలు లెక్క వ్రాసిపెట్టుకొనుచున్నారు. ఇంకొక నాలుగేండ్లలో గుడియంతయు తాతమ్మ యొక్కతెయే కట్టినట్లు తేలునని వారి గణితము. గడచిన పండుగనాడు ఆమె గోపురపు గోడనే ముట్టుకొనిరి. పిల్లలు ఒకరినొకరు గిల్లుకొనిరి.

గుడిలోపల నేలకు పఱచిన రంగురంగుల పలకలు సముద్రము దాటి వచ్చినవి. ఇటలీ పనివారు వచ్చి వానిని పఱచిరని చెప్పుదురు. చూడవలసినవి మాత్రము అద్దపుకిటికీలు. పెద్దవి మూడు. క్రీస్తు ఆరోహణమును చూపునది 1927లోను, జననమును చూపునది 1947లోను, సిలువను చూపునది 1958లోను అమర్చబడినవి. పుట్టుక, మరణము, ఆరోహణము అను వరుసలో గాక, చివరిది మొదటను, నడిమిది చివరను వచ్చినవన్నమాట. రంగుటద్దపు ముక్కలు కూర్చి చేసిన యీ బొమ్మలు వెలుపలి వెలుగుచేతనే కానవచ్చును. రాత్రియందు లోపల ఎన్ని దీపములు వెలిగించినను అవి నల్లని పలకలే.

తొలి ఆరాధన చీకటిలో మొదలగుటలోని అందము ఇందువలననే మాకు తెలిసినది. పాటలు మొదలగునపుడు కిటికీలు నల్లగా నుండును. ఆంధ్రక్రైస్తవ కీర్తనలకు మన రాగములు, మన తాళములు ఉన్నవి. 19వ శతాబ్దమున పురుషోత్తమ చౌదరి మున్నగువారు వ్రాసిన నాటినుండియు పల్లెటూరి వారు సైతము పుస్తకము చూడక పాడుదురు. పాటవెంట పాట సాగుచుండగా, ఎప్పుడు మొదలైనదో తెలియకుండ, నల్లని పలకలో నొక నీలపుచాయ, ఒక యెఱ్ఱచాయ పొడసూపును. ఎవరిదో చేయి, ఎవరిదో వస్త్రము, మెల్లమెల్లగా ముఖములు. తల్లి, శిశువు. బోధకులు చెప్పునది కొంతసేపు మా చెవిని పడలేదు. మేము కిటికీనే చూచుచుంటిమి.

ఆనాటి ప్రసంగము పశువుల తొట్టిని గూర్చి. సత్రములో చోటు దొరకనందున మరియమ్మ తన తొలిచూలు బిడ్డను పొత్తిగుడ్డలతో చుట్టి తొట్టిలో పరుండబెట్టినది. తొట్టి యనగా పశువులకు మేత పెట్టు చోటు. బేత్లెహేమను హెబ్రీ పేరునకు రొట్టెల యిల్లని అర్థము. రొట్టెల యింట, మేత పెట్టు చోట పండిన శిశువు పెద్దవాడై, పదిమందితో పంక్తిని కూర్చుండి, ఊరివారు వెలివేసిన వారింట సైతము భోజనము చేసి, తుదిరాత్రి రొట్టెను విఱిచి యిచ్చెను. కనుక మెతుకు పేర వెలసిన యీ యూరివారికి ఈ పండుగ యర్థమగుట కష్టము కాదని బోధకులు చెప్పి ముగించిరి. ప్రసంగములు పొడవుగా నుండుటయే మన గుడులలోని లోపము. ఇది పొట్టిగా నుండెను, అందుచే జ్ఞాపకమున్నది.

వెలుపలికి రాగానే మా పెద్దమరిది ఆ బోధకు చిన్న సవరణ చేసెను. ఆయన గల్ఫుదేశమున పదేండ్లు పనిచేసి వచ్చినవాడు. అరబ్బీ కొంత వచ్చును. “వదినె, హెబ్రీల రొట్టె గావచ్చు. అరబ్బీల లహ్మ్ అంటె మాంసం. బేత్‌లహ్మ్ అంటె మాంసం వండే ఇల్లు. ఆ లెక్కన మనిల్లే బేత్లెహేము” అనెను. ఇది యబద్ధము కాదు. అరబ్బీలో ఆ మాటకు మాంసమనియే అర్థము. మా అత్తగారు, “తొట్టి గూడ నువ్వే, మేత గూడ నీకే” అని ఊరకుండిరి.

చెట్టుక్రింద దుప్పటి పఱచి డబ్బాలు విప్పితిమి. తినుట ముగియుచుండగా, బండి ఎక్కుటకుముందు అత్తగారు అలవాటుచొప్పున తలలు లెక్కించిరి. పన్నెండు. మఱల లెక్కించిరి. పన్నెండే. మా పెద్దమరిది నవ్వి, “పరమానందయ్య శిష్యుని లెక్క బెడుతున్నవే అమ్మా, నిన్ను నువ్వు కలుపుకో” అనెను. కలుపుకొనిరి. పదుమూడు. అందఱము ఒక్కసారి నవ్వితిమి. పదునలుగురము రావలెనుగదా యని తోచి, ఆ నవ్వు సగముననే ఆగిపోయినది.

చిన్నవాడు లేడు.

ఒకరి చంకనున్నాడని యొకరు అనుకొని, ఎవరి చంకను లేని సంగతి ఎవరును చూడలేదు. ఆ జనసముద్రములో ఏడాదిన్నర బిడ్డ! మగవారు నలుదిక్కుల పరుగెత్తిరి. పచ్చచొక్కా, నడుమున నల్లదారము అని మైకులో చెప్పించితిమి. చంకలో బిడ్డను పెట్టుకొని ఊరంతయు వెదకినట్లని సామెత. మేము ప్రతివారును వట్టి చంకలే చూచుకొంటిమి. మా చిన్న తోడికోడలు ఏడువను గూడ లేదు, చెట్టునకు చేరబడి కట్టెవలె నిలుచున్నది. అత్తగారు ఆమె చేయి పట్టుకొని, “మరియమ్మంత మరియమ్మే పన్నెండేండ్ల కొడుకును పండుగ జనంల ఇడిసి, ఒక దినం నడిచిపోయినంక చూసుకున్నది. మూడొద్దులు దేవులాడితె గుళ్లెనే దొరికిండు గద” అనిరి. ఓదార్పునకు చెప్పినదే, కాని మూడు దినములన్న మాట విని ఆమె మోకాళ్ళమీద కూలబడినది.

అరగంట గడచినది. అప్పటివఱకు ఉడకబెట్టిన మొక్కజొన్న కంకి తినుచు కూర్చున్న మా పదేండ్ల పిల్ల, “వాడు వాండ్ల అమ్మమ్మ దగ్గర ఉన్నడు గద” అనెను.

“ముందుగాల్నే ఎందుకు చెప్పలేదే?”

“నన్నెవ్వరు అడిగిండ్రు?”

ఇచ్చట కొంత వెనుకటి సంగతి చెప్పవలసియున్నది. మా చిన్న తోడికోడలు హిందూకుటుంబపు పిల్ల. నాలుగేండ్లక్రింద మా చిన్నమరిదిని వివాహమాడినది. ఆమె తల్లి మా యింటికి ఒకే ఒకమాఱు, బిడ్డను చూచుటకు వచ్చినది. వసారాలో కూర్చున్నది, లోనికి రాలేదు. మంచినీళ్ళిచ్చితిమి, గ్లాసు ప్రక్కన పెట్టినది, ముట్టలేదు. ఎండకాలము. ఆ గ్లాసెడు నీళ్ళను మా తోడికోడలు తరువాత తీసికొనిపోయి తులసికుండీలో పోయుట మేము చూచితిమి. ఆ విషయమై మా యింట ఎవరును మాటాడలేదు. మా అత్తగారి నాయనమ్మను బావికడనుండి తఱిమిన దినములు పోయినవి. గ్లాసుమాత్రము అట్లే మిగిలినది.

మా పిల్ల దారి చూపగా పోయితిమి. గుడికి కొంతదూరమున నొక పెద్దచెట్టు నీడను, పదిమంది పల్లెటూరి స్త్రీల నడుమ ఆమె కూర్చుండియుండెను. వారందఱును మంజీర యేడుపాయలై చీలు చోట వెలసిన వనదుర్గమ్మను దర్శించి, త్రోవలో గుడి చూచి పోవుదమని వచ్చిరట. మెట్లకడ మనుమని నెత్తుకొన్న మా పిల్లను గుర్తుపట్టి, బిడ్డ నందుకొన్నది. బిడ్డ ఆకలికి ఏడ్చెను. మా పిల్లయే మా డబ్బాలకడకు వచ్చి పెరుగన్నపు గిన్నె యెత్తుకొనిపోయినది. మా ముందునుండియే పోయినది. ఏమని యడిగినవారు లేరు.

మేము చేరునప్పటికి గిన్నె దాదాపు ఖాళీ. “గదిగో గంట, గదిగో గోపురం, గీ బుక్క గోపురానిది” అని ఆమె ముద్దముద్దకు గుడి చూపుచు తినిపించుచున్నది. వాడు కడపటి ముద్దకు ముఖము త్రిప్పుకొన్నాడు. తల్లులు, అమ్మమ్మలు ఏమి చేయుదురో ఆమెయు నదే చేసినది. ఆలోచింపకయే ఆ ముద్దను తన నోట వేసికొని, గిన్నెనంటిన రెండు మెతుకులు వ్రేలితో తీసి అవియు తిన్నది. అప్పుడు తలయెత్తి కూతును చూచినది.

తల్లియు, కూతురును కొంతసేపు మాటాడలేదు. మేమును నిలుచుండిపోతిమి. గిన్నె మాదని ఆమెకును తెలియును, తెలియునని మాకును తెలియును. మా అత్తగారు కఱ్ఱ ఆనించి, మెల్లగా వంగి, ఆమె ప్రక్కన నేలమీద కూర్చుండిరి.

“ఏం వదినె, ఉప్పు సరిపోయిందా?”

ఆమె కొంచెమాగి, “జర తక్కువైంది వదినె” అన్నది.

“నేను ముందే చెప్పిన. మా పెద్దకోడలు చెయ్యి ఉప్పుకు పిసినారిది” అని అత్తగారు మా మీదికి త్రోసిరి. ఆ దినమున మేము దేనికైనను ఒప్పుకొనుటకు సిద్ధముగా నుంటిమి.

ఎక్కువ మాటలేమియు జరుగలేదు. వారి బస్సువేళయైనదని తోడివారు పిలిచిరి. ఆమె లేచి, బిడ్డను కూతునకిచ్చి, కొంగుతో వాని మూతి తుడిచి పోయినది. పోవుచు గిన్నెను కడిగి యిచ్చుట మఱువలేదు. మా యత్తగారు మాత్రము తిరుగుప్రయాణమున నర్సాపురము వచ్చువఱకు కన్నులు మూసికొని కూర్చుండిరి. నిద్రించుచున్నారనుకొంటిమి; నడుమ నొకమాఱు, “ఆ కంబం గూడ మా నాయనమ్మదే” అని తమలో తామనుకొనిరి. ఏ కంబమో మేమడుగలేదు.

సంక్రాంతికి తోడికోడలి పుట్టినింటినుండి ఒక పెద్ద స్టీలుడబ్బా నిండ సకినాలు వచ్చినవి. పైన కాగితముమీద ఉప్పు సరిచూచి వేసినట్లుగా వ్రాసియుండెను. సకినాలు మూడుదినములలో నయిపోయినవి. వచ్చిన డబ్బాను వట్టిదిగా పంపరాదు గదా. అందు పెట్టవలసినది గరిజెలని అత్తగారు, గ్రుడ్డు వేయని కేకని చిన్న తోడికోడలు, మాంసపు పచ్చడియని పెద్దమరిది, అచ్చుబెల్లమని మా పెద్దపిల్లవాడు పట్టుబట్టుచున్నారు. డబ్బా ఇంకను మా వంటయింటి గూటిలోనే యున్నది.